పాత కారుకు తాళం బదులు స్విచ్‌లు: ఆ ఐదో వైరు సంగతి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. కార్బురేటర్ ఉన్న పాత పెట్రోలు కారు, ఇగ్నిషన్ తాళం అరిగిపోయి నడుస్తుండగానే కీ జారి కింద పడుతోంది, ఒక్కోసారి తిప్పినా సెల్ఫ్ (ఇంజిన్‌ను తిప్పే స్టార్టర్ మోటారు) అందుకోవడం లేదు. అందుకని ఆ తాళం పీకేసి ఒక టాగుల్ స్విచ్ (మీట పైకీ కిందకీ వేసేది), ఒక పుష్ బటన్ పెట్టుకుందామని డాష్‌బోర్డు కింద చేయి పెడితే ఐదు వైర్లు కనిపించాయి. ఏది దేనికి కలపాలి, ఇంట్లో పడున్న 10 ఆంపియర్ల స్విచ్ సరిపోతుందా, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) తప్పదా అని అడిగారు.

ముందు చిన్న జవాబులు చెప్పేస్తాను. చేయొచ్చు, పెద్ద విద్యేమీ కాదు. ఇంటి స్విచ్ వద్దు. రిలే తప్పదు. ఏది దేనికి కలపాలో రంగులు చూసి నేనిక్కడ చెప్పలేను, చెప్పేవాళ్లని మీరూ నమ్మొద్దు, కొలిచి చూసుకోవాల్సిందే. ఇక పెద్ద జవాబు.

"రెండు వైర్లు ముట్టిస్తే స్టార్ట్ అవుతుంది కదా, తాళం చేసే పని అంతే" అనుకోవడం దగ్గరే అందరం బోల్తా పడతాం. నా మొదటి బండికి నేనూ అలాగే అనుకుని చేశాను. ఆ కీ తిప్పే చిన్న డబ్బా ఒకేసారి ఐదారు పనులు చేస్తుంది. కాయిల్‌కు (స్పార్కు పుట్టించే చుట్టకు) కరెంటు ఇవ్వడం, సెల్ఫ్ తిప్పడం, సెల్ఫ్ తిరిగేటప్పుడు రేడియో, బ్లోయర్, వైపర్ లాంటివి కాసేపు ఆపి బ్యాటరీకి ఊపిరి ఇవ్వడం, కొన్ని బళ్లలో సెల్ఫ్ సమయంలో కాయిల్‌కు వేరే దారిలో ఎక్కువ వోల్టేజీ పంపడం, స్టీరింగ్‌ను బిగించడం, దొంగను ఆపడం. ఇవి కాకుండా మనం గుర్తించని పని ఇంకోటి ఉంది. కీ జేబులో వేసుకున్నామంటే ఇగ్నిషన్ ఆపేశామన్నట్టే, మర్చిపోయే అవకాశం లేదు. తాళం తీసేస్తే ఈ పనుల్లో ప్రతిదాన్నీ ఇంకొకరికి అప్పజెప్పాలి. అప్పజెప్పకుండా వదిలేసిన పని ఏదో, ఆర్నెల్ల తర్వాత బండి అక్కడే మొరాయిస్తుంది.

నిజానికి స్విచ్, బటన్ కొత్త ఫ్యాషనేమీ కాదు. 1912లో కాడిలాక్ కారుకు ఛార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ స్టార్టర్ పెట్టినప్పటి నుంచి చాలా ఏళ్లపాటు ఇగ్నిషన్‌కు ఒక స్విచ్, సెల్ఫ్‌కు వేరుగా ఒక బటనో కాలితో తొక్కే మీటో ఉండేవి. కీ తిప్పితేనే ఇంజిన్ స్టార్ట్ అయ్యే పద్ధతిని 1949లో క్రైస్లర్ తెచ్చింది. అంటే మీరు చేయబోయేది ఒక రకంగా వెనక్కి వెళ్లడమే. కాకపోతే అప్పటి బళ్లను ఆ పద్ధతికి తగ్గట్టే తయారుచేశారు, మీదాన్ని అలా చేయలేదు, తేడా అక్కడ ఉంది.

ఏదీ కోయకముందు ఒక్క గంట మల్టీమీటరుతో గడపండి. చాలా బళ్లలో కీ దూరే ఇత్తడి సిలిండరు వేరు, దాని వెనక వైర్లు తగిలించిన ఎలక్ట్రికల్ స్విచ్ వేరు. మీ కీ జారిపోవడం సిలిండరు జబ్బు. సెల్ఫ్ అందుకోకపోవడం వెనక స్విచ్ జబ్బు కావచ్చు, అసలు తాళానికి సంబంధమే లేని జబ్బూ కావచ్చు. కాయిల్‌కు వచ్చే సన్న వైరు ఊడదీసి దేనికీ తగలకుండా టేపు చుట్టండి, అప్పుడు ఇంజిన్ తిరుగుతుంది గానీ స్టార్ట్ అవదు. గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేకు వేసి, మీటరు ఒక కొన బ్యాటరీ ప్లస్ మీద, రెండో కొన స్టార్టర్ సొలినాయిడ్ (సెల్ఫ్ మోటారుకు పెద్ద కరెంటు కలిపే డబ్బా) మీద ఉండే చిన్న టెర్మినల్ మీద పెట్టి, పక్కనున్నవాళ్లను కీ తిప్పమనండి. అప్పుడు చూపించే వోల్టేజీ మొత్తం దారిలో పోగొట్టుకుంటున్నదే. అర వోల్టు లోపు ఉంటే తాళం ఎలక్ట్రికల్‌గా బాగానే ఉన్నట్టు, తప్పు సెల్ఫ్ మోటారులోనో బ్యాటరీ ఎర్త్‌లోనో (బ్యాటరీ మైనస్‌ను బండి బాడీకి కలిపే వైరు) వెతకాలి. ఒక వోల్టు దాటితే స్విచ్చో, కనెక్టరో, మధ్యలో ఉన్న న్యూట్రల్ స్విచ్చో (బండి గేరులో ఉంటే సెల్ఫ్ తిరగనివ్వనిది) తినేస్తోంది. ఇది చూడకుండా కొత్త స్విచ్‌లు పెడితే జబ్బు అలాగే ఉంటుంది, ముఖం మాత్రం మారుతుంది.

ఇప్పుడు ఆ ఐదు వైర్లు. ఒక టెస్ట్ ల్యాంపు తీసుకుని క్లిప్పు బాడీ ఎర్త్‌కు పెట్టి, తాళం ఇంకా పనిచేస్తుండగానే ఒక కాగితం మీద గళ్లు గీసుకోండి: ఆఫ్, యాక్సెసరీ, ఆన్, స్టార్ట్. ఒక్కో వైరు ఏ గడిలో వెలుగుతుందో టిక్కు పెట్టండి. అన్నిట్లోనూ వెలిగేది బ్యాటరీ నుంచి వచ్చేది, దాన్ని 30 అనో బీ అనో రాస్తారు. ఆన్‌లోనూ స్టార్ట్‌లోనూ వెలిగేది అసలు ఇగ్నిషన్ వైరు, యూరప్ బళ్లలో దాని నంబరు 15. యాక్సెసరీలో, ఆన్‌లో వెలిగి స్టార్ట్‌లో ఆరిపోయేది రేడియో వగైరాలది. స్టార్ట్‌లో మాత్రమే వెలిగేది సొలినాయిడ్‌కు వెళ్లేది, 50. నాలుగూ అయ్యాయి. ఐదోది ఏమిటన్నదే మీ మొత్తం ప్రశ్నకు కీలకం, దాని దగ్గరకు వస్తాను.

ముందు రంగుల గురించి ఒక మాట, ఎందుకంటే ఇంటర్నెట్‌లో దొరికే పట్టికలు చూసి వైర్లు కాల్చుకున్నవాళ్లు తక్కువేం లేరు. పాత బ్రిటిష్ బళ్లలో బ్రౌన్ వైరు అంటే బ్యాటరీ నుంచి నేరుగా, చాలాచోట్ల ఫ్యూజు కూడా లేకుండా వచ్చే వైరు. జర్మన్ బళ్లలో అదే బ్రౌన్ ఎర్త్. ఒకదాని పట్టిక చూసి రెండోదాని మీద పని చేశారనుకోండి, పొగ వచ్చాకే తేడా తెలుస్తుంది. బ్రిటిష్ పద్ధతిలో తెలుపు ఇగ్నిషన్, జర్మన్ పద్ధతిలో నలుపు ఇగ్నిషన్, బ్రిటిష్‌లో ఆ నలుపే ఎర్త్. పైగా నలభై ఏళ్ల బండిలో ఎంతమంది ఎన్ని ముక్కలు అతికారో ఎవరికి తెలుసు. మీ కాగితం మీద మీరు రాసుకున్న టిక్కులే మీ బండికి సరైన పట్టిక.

ఇక ఐదో వైరు. రెండు అవకాశాలున్నాయి. ఒకటి, ఆన్‌లో వెలిగి స్టార్ట్‌లో ఆరిపోయే రెండో ఇగ్నిషన్ లైను, దాన్ని ఐజీ2 అంటారు, హీటర్ బ్లోయర్, వైపర్లు లాంటివి దాని మీద ఉంటాయి. ఇది అయితే గొడవ లేదు. రెండోది, తాళం స్టార్ట్‌లో మాత్రమే కరెంటు ఇచ్చే ఇంకో వైరు (కాయిల్ నుంచి వెనక్కి వచ్చే కరెంటుతో ఆన్‌లోనూ ల్యాంపు వెలగొచ్చు, అందుకని ఆ వైరును తాళం నుంచి ఊడదీసి తాళం పిన్ను మీదే చూడండి). సొలినాయిడ్ వైరు ఒకటి ఉండగా స్టార్ట్‌లోనే వెలిగేది మరోటి ఎందుకు? అది బ్యాలస్ట్ బైపాస్. స్విచ్ మార్పిడి చేసినవాళ్లలో ఎక్కువమంది చేతులు కాల్చుకునేది ఇక్కడే కాబట్టి కాస్త ఓపికగా చదవండి.

చాలా పాత బళ్లలో కాయిల్ 12 వోల్టుల కోసం చేసింది కాదు. కాయిల్ ప్రైమరీ సుమారు 1.5 ఓమ్‌లు ఉంటుంది, దాని ముందు ఇంకో 1.5 ఓమ్‌ల రెసిస్టరు, లేదా అంత రెసిస్టెన్స్ ఉన్న ప్రత్యేకమైన వైరు. మొత్తం 3 ఓమ్‌లు, 12 వోల్టుల మీద 4 ఆంపియర్లు, కాయిల్‌కు దక్కేది దాదాపు సగం వోల్టేజీ. పాయింట్లు (డిస్ట్రిబ్యూటర్ లోపల కాయిల్ కరెంటును కలిపి తెంచే కాంటాక్టులు) కాలకుండా, కాయిల్ వేడెక్కకుండా అది సరిపోతుంది. అయితే సెల్ఫ్ తిరిగేటప్పుడు బ్యాటరీ 9, 10 వోల్టులకు పడిపోతుంది, దాన్లో మళ్లీ సగం అంటే స్పార్కు నీరసంగా వస్తుంది. అందుకని ఆ కాసేపు రెసిస్టరును పక్కనపెట్టి బ్యాటరీ వోల్టేజీని నేరుగా కాయిల్‌కు ఇస్తారు. ఇచ్చేది ఆ ఐదో వైరు. కొన్ని బళ్లలో ఈ వైరు తాళం దగ్గర ఉండదు, సొలినాయిడ్ మీదే ఇంకో చిన్న టెర్మినల్ నుంచి కాయిల్‌కు వెళ్తుంది, అలాంటి బండి అయితే మీ అదృష్టం, దాన్ని ముట్టుకోకండి.

ఇది మర్చిపోతే ఎలా తెలుస్తుందంటే, బటన్ నొక్కినంతసేపూ ఇంజిన్ గిరగిరా తిరుగుతుంది, అంటుకోదు, విసుగొచ్చి వేలు తీసిన క్షణంలో ఒక్కసారి అందుకున్నట్టే అందుకుంటుంది. చలికాలం పొద్దున్నే ఇంకా ఘోరం. దీనికి విరుగుడుగా కొందరు ఏం చేస్తారంటే రెసిస్టరును శాశ్వతంగా తీసేసి 12 వోల్టులూ కాయిల్‌కే ఇచ్చేస్తారు. బండి బ్రహ్మాండంగా స్టార్ట్ అవుతుంది, కొన్ని వారాలకు పాయింట్లు నల్లగా మాడతాయి, కాయిల్ చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. మీ బండిలో రెసిస్టరు ఉందో లేదో చూడటం తేలికే. ఇగ్నిషన్ ఆన్ చేసి, ఇంజిన్ ఆగి ఉండగా, పాయింట్లు మూసుకుని ఉన్నప్పుడు కాయిల్ ప్లస్ దగ్గర కొలవండి. 6 నుంచి 8 వోల్టులు చూపిస్తే రెసిస్టరు ఉన్నట్టు, 12కు దగ్గరగా ఉంటే లేనట్టు. పాయింట్లు తెరుచుకుని ఉంటే మాత్రం కరెంటే పారదు కాబట్టి రెండు రకాల్లోనూ 12 చూపిస్తుంది, అప్పుడు మోసపోతారు. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి పాయింట్లు చూసుకుని మరీ కొలవండి. కొలవడం అయ్యాక ఆన్‌లో వదిలేయకండి.

నేను చేసిన తప్పు దీనికి ఇంకో మెట్టు పైన. బైపాస్ వైరు ఉందని కనిపెట్టాను, గర్వపడ్డాను, దాన్నీ సొలినాయిడ్ వైరునూ కలిపి ఒకే రిలే అవుట్‌పుట్‌కు బిగించాను. రెండూ స్టార్ట్‌లోనే వెలుగుతాయి కదా, కలిపేస్తే ఏం? బటన్ నొక్కితే ఇంజిన్ అందుకుంది, వేలు తీస్తే చచ్చిపోయింది. మళ్లీ నొక్కితే అందుకుంది, మళ్లీ చచ్చింది. రెండు రోజులు కార్బురేటర్ విప్పి బిగించాను, దాని తప్పేమీ లేదు పాపం. జరిగిందేమిటంటే, వేలు తీశాక కాయిల్ ప్లస్ దగ్గరున్న కరెంటు ఆ బైపాస్ వైరులోంచి వెనక్కి వచ్చి సొలినాయిడ్ చుట్ట గుండా ఎర్త్‌కు పారిపోతోంది, కాయిల్‌కు ఏమీ మిగలడం లేదు. కంపెనీ తాళంలో ఆ రెండు వైర్లకూ వేరువేరు కాంటాక్టులు ఉండేది అందుకే. కాబట్టి బైపాస్‌కు వేరే రిలే పెట్టండి, లేదా ఆ వైరులో 10 ఆంపియర్ల డయోడ్ (కరెంటును ఒకవైపే పోనిచ్చేది) ఒకటి, గీత ఉన్న కొన కాయిల్ వైపు ఉండేలా వేయండి. రెండు 87 పిన్నులు (లోడుకు వెళ్లే పిన్నులు) ఉన్న రిలే కొంటే రెండూ వేరు అనుకోకండి, మామూలుగా దొరికేవాటిలో అవి లోపల ఒకటే, నాకు జరిగిందే మీకూ జరుగుతుంది.

స్విచ్‌ల విషయం. ఇంటి స్విచ్ మీద 10 ఆంపియర్లు, 250 వోల్టులు అని రాసి ఉంటుంది గానీ అది ఏసీకి. ఏసీ కరెంటు సెకనుకు 100 సార్లో 120 సార్లో సున్నాకు దిగుతుంది, స్విచ్ తెరిచినప్పుడు వచ్చే నిప్పు అప్పుడు దానంతటదే ఆరిపోతుంది. బ్యాటరీ కరెంటు సున్నాకు దిగదు, నిప్పు కాసేపు నిలబడి కాంటాక్టును కాలుస్తుంది, కాయిల్ లాంటి చుట్టలున్న లోడు అయితే ఇంకా ఎక్కువ. డీసీ రేటింగ్ రాసి ఉన్న, బళ్లకోసం చేసిన టాగులే తీసుకోండి. అయినా సరే ఆ టాగుల్ మీద అసలు లోడు వేయొద్దు. సెల్ఫ్ మోటారు వందకు పైగా ఆంపియర్లు తాగుతుంది, అది బ్యాటరీ నుంచి మందపాటి కేబుల్‌లో సొలినాయిడ్ ద్వారానే పోతుంది, మీరు దాన్ని ముట్టుకునే పనే లేదు. కానీ ఆ సొలినాయిడ్ ఒక్కటీ లాక్కునేటప్పుడు క్షణకాలం 30, 40 ఆంపియర్ల దాకా తీసుకోవచ్చు. వేలెడంత బటన్ దాన్ని ఎన్నాళ్లు మోస్తుంది? అదే రిలే చుట్టకు కావాల్సింది సుమారు 0.15 ఆంపియరే. స్విచ్ మాట చెప్పాలి, రిలే బరువు మోయాలి.

నేను వేసే పద్ధతి ఇది. బ్యాటరీ ప్లస్ నుంచి బయల్దేరిన వైరుకు జానెడు దూరంలోనే ఫ్యూజు. ఫ్యూజు కాపాడేది వైరును, అందుకని అది బ్యాటరీ పక్కనే ఉండాలి, డాష్‌బోర్డు కింద పెడితే మధ్యలో ఉన్న వైరు రాసుకుపోయి ఎర్త్ అయినప్పుడు ఆపేవాడే ఉండడు. అక్కడి నుంచి మూడు రిలేలు, ఇగ్నిషన్‌కు, స్టార్ట్‌కు, యాక్సెసరీకి. రిలే మీద 30కి బ్యాటరీ, 87కి లోడు, 86కి స్విచ్ నుంచి వచ్చే వైరు, 85కి ఎర్త్. టాగుల్ ఇగ్నిషన్ రిలేను లేపుతుంది, ఇగ్నిషన్ వైరు దాని 87కి. స్టార్ట్ బటన్‌కు కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి కాకుండా ఇగ్నిషన్ టాగుల్ తర్వాత నుంచి తీసుకోండి. అప్పుడు టాగుల్ వేయకుండా ఎవరు బటన్ నొక్కినా ఏమీ జరగదు, బటన్ ఇరుక్కుపోయినా టాగుల్ దించితే స్టార్ట్ రిలే విడిచిపెడుతుంది. ఆటోమేటిక్ గేరు బండి అయితే న్యూట్రల్ స్విచ్ ఈ బటన్ దారిలోనే ఉండాలి. దాన్ని దాటేసి కలపడం తేలికే, ఎవరైనా పక్కన నిలబడి బటన్ నొక్కిన రోజు బండి వాళ్ల మీదకే దూకుతుంది, అందుకని ఆ ఆలోచనే వద్దు.

సెల్ఫ్ సమయంలో రేడియో, బ్లోయర్ ఆగడానికి ఐదు పిన్నుల రిలే ఒకటి స్టార్ట్‌కు వాడండి. దాని 87ఏ పిన్నులో మామూలుగా కరెంటు ఉండి, రిలే లేచినప్పుడు పోతుంది. ఆ 87ఏ నుంచి యాక్సెసరీ టాగుల్‌కు, అక్కడి నుంచి యాక్సెసరీ రిలే 86కి వైరు లాగితే చాలు, బటన్ నొక్కినంతసేపూ అవన్నీ ఆగుతాయి, వదలగానే వస్తాయి. ఇది లేకపోయినా బండి నడుస్తుంది, బ్యాటరీ ముసలిదైన రోజు దీని విలువ తెలుస్తుంది. ఛార్జింగ్ లైటు మీ ఇగ్నిషన్ వైరు మీదే ఉంటుంది, దాన్ని అలాగే ఉంచండి. చాలా ఆల్టర్నేటర్లు ఆ బల్బు గుండా వచ్చే కరెంటుతోనే మేల్కొంటాయి. బల్బు తీసేసి వైరు నేరుగా కలిపారంటే టాగుల్ దించినా ఇంజిన్ ఆగకుండా నడుస్తూనే ఉండొచ్చు, ఎందుకంటే ఆల్టర్నేటరే ఆ వైరులోంచి వెనక్కి ఇగ్నిషన్‌కు కరెంటు తోస్తుంది.

రిలే చుట్టకు సమాంతరంగా డయోడ్ ఉన్నవి వాడితే మంచిది, చుట్ట ఆగినప్పుడు వచ్చే వందల వోల్టుల విసురు బటన్ కాంటాక్టును తినకుండా ఉంటుంది. అలాంటివి వాడితే మాత్రం 85, 86 తారుమారు చేయొద్దు, డయోడ్ షార్టు అవుతుంది.

వైరు మందం గురించి ఒక్క లెక్క చాలు. 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు 3 మీటర్లకు 0.021 ఓమ్‌లు. దాన్లో 30 ఆంపియర్లు పోతే 0.6 వోల్టుకు పైగా దారిలోనే పోతుంది. అదే 6 స్క్వేర్ అయితే పావు వోల్టు. అందుకని రిలేలకు వచ్చే మెయిన్ వైరు 6, సొలినాయిడ్‌కు 4, కాయిల్‌కు 1.5, స్విచ్‌ల నుంచి రిలేలకు 0.75 సరిపోతాయి. సన్న పోగులు చాలా ఉన్న బళ్ల వైరు తీసుకోండి, ఇంటి గోడల్లో వేసే ఒంటి పోగు వైరు అదురుకు విరిగిపోతుంది. లగ్గులు రాచెట్ క్రింపింగ్ ప్లయర్‌తో నొక్కి హీట్ ష్రింక్ వేయండి. సోల్డర్ చేస్తే ఇంకా గట్టి అని అంటారు గానీ సోల్డర్ ఆగిన చోట వైరు బిరుసెక్కి అక్కడే తెగుతుంది, కదలకుండా కట్టగలిగితే తప్ప నేను చేయను. ఇంజిన్ గదిలోంచి లోపలికి వచ్చే రంధ్రంలో రబ్బరు గ్రోమెట్ లేకుండా వైరు దూర్చొద్దు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది. మీ తాళం డాష్‌బోర్డు మీద ఉందా, స్టీరింగ్ కాలమ్ మీద ఉందా? డాష్‌బోర్డు మీద ఉండి స్టీరింగ్ లాక్ లేకపోతే ఈ పేరా వదిలేయండి. కాలమ్ మీద ఉంటే లోపల స్ప్రింగుతో ఎప్పుడెప్పుడు బయటికి దూకుదామా అని చూసే ఒక పిన్ను ఉంటుంది, తాళం స్థితే దాన్ని వెనక్కి పట్టి ఉంచుతుంది. అరిగిన తాళంలోంచి కీ ఊడిపడితే, లేదా సిలిండరును సుత్తితో కొట్టి పీకి సగం విరిచి వదిలేస్తే, ఆ పిన్ను నడిచే బండిలో మలుపు మధ్యలో దూకితే మీ చేతుల్లో స్టీరింగ్ తిరగదు. స్విచ్‌లు పెట్టాలనుకుంటే లాక్ మొత్తం అసెంబ్లీని కాలమ్ మీంచి విప్పి తీసేయాలి, లేదా కొత్త అసెంబ్లీ వేయించి లాక్‌ను పద్ధతిగా ఉంచుకోవాలి, మధ్యే మార్గం లేదు. చాలా దేశాల్లో కొంత కాలం తర్వాత వచ్చిన బళ్లకు దొంగతనాన్ని ఆపే లాక్ చట్టప్రకారం ఉండాల్సిందే, మీ బండి ఏడాదికి అక్కడ ఏం వర్తిస్తుందో, బీమావాళ్లు ఏమంటారో ముందే కనుక్కోండి. మీరు చెప్పినదాన్ని బట్టి కీ నడుస్తుండగానే పడుతోంది కాబట్టి, కాలమ్ తాళమైతే ఇది తేలేదాకా బండి తీయకండి.

టాగుల్ ఎక్కడ పెడతారన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. నేను మొదట స్టీరింగ్ కింద, మోకాలికి దగ్గరగా పెట్టాను, అందంగా కనిపించింది. ఒకరోజు రాత్రి క్లచ్ తొక్కబోతే మోకాలు తగిలి టాగుల్ పడిపోయింది, ఇంజిన్ ఆగిపోయింది. బ్రేకు బూస్టరులో మిగిలిన వ్యాక్యూమ్‌తో ఒకటి రెండు సార్లు బ్రేకు మామూలుగా పడుతుంది, ఆ తర్వాత పెడల్ రాయిలా మారుతుంది. పక్కకు తీసి ఆపాను కాబట్టి సరిపోయింది. అప్పటి నుంచి ఎర్ర మూత ఉన్న టాగులే వాడుతున్నాను. ఆ మూత దించితే టాగుల్ కూడా ఆఫ్‌కు దిగుతుంది కాబట్టి మూతకు కూడా మోకాలు తగలని చోటు చూడాలి, చేయి చాపితే అందాలి, ప్రమాదం జరిగితే బయటివాళ్లకూ కనిపించాలి. పక్కన ఇగ్నిషన్ అని రాసి పెట్టండి. సిగ్గుపడే పనేం కాదు.

ఇంకో మతిమరుపు. ఇంజిన్ ఆగిపోయింది, మీరు ఎవరితోనో మాట్లాడుతూ దిగిపోయారు, టాగుల్ ఆన్‌లోనే ఉంది. పాయింట్లు మూసుకున్న స్థితిలో ఇంజిన్ ఆగి ఉంటే కాయిల్ గుండా కరెంటు గంటలకొద్దీ పారుతూనే ఉంటుంది, కాయిల్ ఉడికి లోపలి నూనె బయటికి రావచ్చు, బ్యాటరీ ఎలాగూ పడుకుంటుంది. టాగుల్ ఆన్‌లో ఉన్నంతసేపు వెలిగే ఒక లైటు పెట్టండి, తలుపు తెరిస్తే కూసే బజర్ పెడితే ఇంకా మంచిది. ఎలక్ట్రిక్ పెట్రోలు పంపు వేసి ఉంటే దాన్ని టాగుల్‌కు నేరుగా కలపొద్దు, ఆయిల్ ప్రెషర్ స్విచ్ ద్వారానో, గుద్దితే తెగే ఇనర్షియా స్విచ్ ద్వారానో వెళ్లాలి. లేకపోతే బండి పల్టీ కొట్టి ఇంజిన్ ఆగినా పంపు మాత్రం తెగిన పైపులోంచి పెట్రోలు చిమ్ముతూనే ఉంటుంది.

బ్యాటరీకి ఒక ఐసోలేటర్ స్విచ్ (బ్యాటరీని మొత్తంగా తెంచేది) పెట్టుకోండి అని అందరికీ చెబుతాను. సొలినాయిడ్ లోపలి కాంటాక్టులు అతుక్కుపోతే మీ టాగులూ బటనూ ఏమీ చేయలేవు, సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది, అప్పుడు బ్యాటరీ తెంచడమొక్కటే దారి. అయితే ఇంజిన్ నడుస్తుండగా దాన్ని తిప్పొద్దు. ఆల్టర్నేటర్ ఇంజిన్‌ను నడిపిస్తూనే ఉంటుంది, పైగా బ్యాటరీ ఒక్కసారిగా పోయిన విసురుకు దాని డయోడ్లు పేలొచ్చు. ముందు ఇగ్నిషన్, తర్వాత ఐసోలేటర్. పందెం బళ్లలో వాడే ఆరు టెర్మినళ్ల ఐసోలేటర్ రెండిటినీ కలిపి చూసుకుంటుంది, దొరికితే అదే వేయండి.

మీది పెట్రోలు బండి కాబట్టి ఇదంతా. డీజిల్ బండి ఉన్నవాళ్లు ఇది చూసి చేయకండి, దానికి కాయిలే లేదు. పంపు మీదున్న సొలినాయిడ్‌కు కరెంటు ఉంటే నడిచేవి, కరెంటు ఇస్తే ఆగేవి, కేబుల్ లాగితే ఆగేవి మూడు రకాలున్నాయి, హీటర్ ప్లగ్గులు ఒక్కోటీ 10 ఆంపియర్ల చొప్పున తాగుతాయి కాబట్టి వాటికి పెద్ద రిలే విడిగా కావాలి. మాగ్నెటో (బ్యాటరీ లేకుండా తానే స్పార్కు కరెంటు పుట్టించేది) ఉన్న బైకులూ, చిన్న ఇంజిన్లూ ఇంకా తలకిందులు. అక్కడ స్విచ్ వైరును ఎర్త్ చేస్తే ఇంజిన్ ఆగుతుంది, తెరిస్తే నడుస్తుంది. ఆ వైరుకు 12 వోల్టులు ఇచ్చారంటే సీడీఐ (స్పార్కును నడిపే ఎలక్ట్రానిక్ డబ్బా) అక్కడికక్కడే పోవచ్చు. ఇమ్మొబిలైజరు (సరైన కీని గుర్తిస్తేనే ఇంజిన్‌ను నడవనిచ్చేది), ఎయిర్‌బ్యాగులు ఉన్న బండి అయితే స్టీరింగ్ కాలమ్ జోలికే వెళ్లొద్దు.

మీ స్థానంలో నేనుంటే తాళం పూర్తిగా తీసేయను. కొత్త సిలిండరో, డాష్‌బోర్డు మీద బిగించే మామూలు రెండు స్థానాల కీ స్విచ్చో పెట్టి దానితో ఇగ్నిషన్ రిలేను లేపుతాను, బటన్‌ను సెల్ఫ్‌కు మాత్రమే ఇస్తాను. అరిగేది ఎక్కువగా ఆ స్టార్ట్ స్థానం కోసం బలంగా తిప్పడం వల్లే, ఆ భారం బటన్ తీసుకుంటే కీ చాలా ఏళ్లు బతుకుతుంది. కీ జేబులో ఉందంటే ఆపేశామన్న నమ్మకమూ పోదు, ఎవడో వచ్చి మూత ఎత్తి బటన్ నొక్కి బండి పట్టుకుపోయే తేలిక దారీ ఉండదు. అయినా టాగులే కావాలంటే ఇగ్నిషన్ రిలే 85 ఎర్త్ దారిలో ఒక చిన్న స్విచ్ మీకు మాత్రమే తెలిసిన చోట దాచండి.

అంతా అయ్యాక బ్యాటరీ కలిపే ముందు ప్రతి వైరుకూ పేరు అంటించండి, కలిపాక ఈ వరుసలో చూడండి. టాగుల్ ఆఫ్‌లో బటన్ నొక్కితే ఏమీ కదలకూడదు. ఆటోమేటిక్ అయితే గేరులో నొక్కినా కదలకూడదు. ఇంజిన్ నడుస్తుండగా టాగుల్ దించితే వెంటనే ఆగాలి, ఒక్క సెకను కూడా నానకూడదు. హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసి 20 నిమిషాలు నడిపాక రిలేలు, ఫ్యూజు డబ్బా, మెయిన్ వైరు చేత్తో పట్టుకుని చూడండి, గోరువెచ్చగా ఉంటే సరే, వేలు పెట్టలేకపోతే ఆ కనెక్షన్ మళ్లీ విప్పాల్సిందే.

ముందు ఆ గళ్ల కాగితం పూర్తి చేయండి. ఐదో వైరు స్టార్ట్‌లో వెలిగిందా లేదా, పాయింట్లు మూసి ఉన్నప్పుడు కాయిల్ ప్లస్ దగ్గర ఎన్ని వోల్టులు వచ్చాయి, తాళం కాలమ్ మీద ఉందా డాష్‌బోర్డు మీద ఉందా, ఈ మూడూ రాయండి. మీ బండికి బైపాస్ రిలే కావాలో లేదో అప్పుడు ఖచ్చితంగా చెప్తాను.